‘బూట్ పాలిష్’ (1954): హిందీ అంతగా రాని పిల్లలకి చూపించడం ఎలా?

బడిగంట:

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులు కలిపి డెబ్బై మంది దాకా పిల్లలకి రాజ్ కపూర్ నిర్మించిన ‘బూట్ పాలిష్’ వెయ్యాలనుకుంటున్నాం. దర్శకుడు ప్రకాశ్ అరోరా. తల్లి పోయి, తండ్రి జైలుపాలైన అన్నాచెల్లెళ్లు బొంబాయి మురికివాడలో అడుక్కోవడం మానేసి, బూట్లకి పాలిష్ చేసుకుని బతకాలని చూసే కథ. పిల్లలకి హిందీ పాఠ్యపుస్తకం వరకే వచ్చు, చెవికి పట్టదు.

నాలుగు సందేహాలు. సినిమా 149 నిమిషాలు, ఒక్క బిగిన కూర్చోబెట్టలేం. ఎక్కడ ఆపితే కథ చెడదు? తెలుగు సబ్‌టైటిల్స్ దొరకలేదు, మనమే చేసుకోవాలంటే దారేంటి? బడిలో వెయ్యడానికి ఎవరి అనుమతైనా కావాలా? నాలుగోదే అసలు చిక్కు. "చిన్నపిల్లలు పని చెయ్యడం గొప్ప అని చెప్పే సినిమా ఈ రోజుల్లో బడిలో ఎలా వేస్తారు?" అని స్టాఫ్‌రూమ్‌లో అడుగుతున్నారు. ఆ మాట కొట్టిపారెయ్యలేం.

ప్రొజెక్టర్ ఉంది. తెర ఎనిమిదడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు.

నలుపుతెలుపు:

ముందు ఎక్కడ ఆపాలో చెప్తాను. పిల్లలిద్దరూ దాచుకున్న డబ్బులతో పాలిష్ సామాను కొంటారు. ఆ సంగతి వాళ్లు ఉంటున్న ఇంటి కమలా చాచీకి (బాబాయి భార్య వరుస) తెలిసిపోయి, చితకబాది ఇంట్లోంచి గెంటేస్తుంది. అక్కడ ఆపండి. అంతవరకూ కథ ‘అడుక్కోవాలా, వద్దా’ అన్నదాని చుట్టూ తిరుగుతుంది. అక్కణ్ణుంచి ‘వద్దనుకున్నాం సరే, ఇప్పుడు తిండెలా’ అన్నది మొదలవుతుంది. మొదటి పూట ఆ ప్రశ్నతో ఇంటికి పంపితే రెండో పూటకి వాళ్లంతట వాళ్లే వస్తారు. పాట మధ్యలో మాత్రం ఆపకండి, ఈ సినిమాలో పాటలు కథని ముందుకి నడుపుతాయి.

కథ పిల్లలకి ముందే పూర్తిగా చెప్పొద్దు. ఈ నాలుగు ముక్కలు చాలు: తల్లి కలరాతో పోయింది (తెలంగాణ వైపు పిల్లలకి గత్తర అని చెప్పండి, ఇంట్లో పెద్దవాళ్ల నోట విని ఉంటారు), తండ్రి జైల్లో ఉన్నాడు, చాచీ అడుక్కురమ్మని తరుముతుంది, పక్కనే జాన్ చాచా ఉంటాడు. భోలా అన్న, బేలు చెల్లెలు. పేర్ల విషయంలో మనకి కలిసొచ్చింది. భోళా అంటే మనకీ భోళాయే. బేలు అంటే తెలుగు చెవికి ‘బేల’లా వినిపిస్తుంది. హిందీలో ఆ అర్థం లేకపోయినా ఆ పిల్లకి అతికినట్టు సరిపోతుంది.

జాన్ చాచా ఏం చేసి బతుకుతాడో ముందే చెప్పి తీరాలి. అతను దొంగసారా అమ్ముతాడు. బొంబాయి రాష్ట్రంలో అప్పుడు మద్యనిషేధం, 1949 నాటి చట్టం. పిల్లలకి "చెయ్యి చాపొద్దు, కష్టపడి తినండి" అని నేర్పేవాడే చట్టానికి చాటుగా బతుకుతున్నాడు, దానికే జైలుకి పోతాడు. ఈ మెలిక పిల్లలకి అందకపోతే జాన్ ఉత్త నీతులు చెప్పే తాతయ్యలా మిగిలిపోతాడు. మన వైపు ముడి కూడా ఒకటుంది. అదే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం గొడవ మీదే. సాంఘికశాస్త్రం మాస్టారు ఉంటే ఆ ఐదు నిమిషాలు ఆయనకి వదిలెయ్యండి.

డబ్బుల లెక్క కూడా ముందే చెప్పాలి. సినిమాలోది నయాపైసలకి ముందు కాలం, అవి 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కానీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. రోజుకి అర్ధణా దాచితే రూపాయి కావడానికి ఎన్ని రోజులని బోర్డు మీద రాయించండి. ముప్పైరెండు. చాచీ కంటపడకుండా చిల్లర మిగల్చడం ఎంత పనో అప్పుడు తెలుస్తుంది.

రెండో పూటలో వాన గురించి ఒక్క మాట. వానాకాలం రాగానే పిల్లల సంపాదన పడిపోతుంది. ఎందుకో సినిమా విడమరిచి చెప్పదు, ఆ రోజుల్లో చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. బూట్‌పాలిష్ అంటే మైనం, రంగు, అవి కరగడానికి టర్పెంటైన్ లాంటి ద్రవం. ద్రవం ఆరాక మైనం తోలుని పట్టుకుంటుంది, గుడ్డతో రుద్దితే మెరుస్తుంది. తడి తోలుకి మైనం పట్టదు, రుద్దినకొద్దీ మచ్చలు పడతాయి. అయినా అడుగు తీసి అడుగేస్తే బురద పట్టే రోజుల్లో బూటు మెరిపించుకునేదెవరు? బొంబాయిలో ఆ వాన జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఒకే పని, ఒకే పెట్టె, నాలుగు నెలలు గిరాకీ లేదు. ఆ ఆకలిలోంచే సినిమాలోని అతి కఠినమైన దృశ్యం వస్తుంది. ఎవరో నాణెం విసురుతారు, భోలా ముట్టడు. బేలు ఆకలికి ఆగలేక తీసుకుంటుంది. అన్న చెల్లెల్ని చెంపమీద కొడతాడు, నాణెం జారి పడిపోతుంది.

ఆ దెబ్బ దగ్గర పిల్లలు కొందరు నవ్వుతారు, ఆశ్చర్యపోకండి. ఇబ్బంది పడ్డప్పుడు ఆ వయసు పిల్లలు నవ్వుతారు. సినిమా ఆపి కసరొద్దు.

ఇక మన్నాడే పాడిన వానపాట. జైల్లో జాన్ మబ్బుల్ని రమ్మని పిలుస్తూ పాడతాడు, హాస్యంగా ఉంటుంది. పిల్లలు నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. ఆ వానే బయట ఆ ఇద్దరి కూడు కొడుతుందన్న సంగతి పది నిమిషాల తర్వాత వాళ్లకే తగులుతుంది. మీరు ముందే విప్పి చెప్తే పోతుంది.

వరుసకిందవరుస:

సబ్‌టైటిల్స్ గురించి. కష్టమైన పనేమీ కాదు గాని ఓపిక కావాలి. వరుసలు వెయ్యి దాటతాయి. రోజుకి పదీ పన్నెండు నిమిషాల సినిమా చొప్పున చేస్తే రెండు వారాలు.

మొదట వీడియో ఫైలు ఒకటి ఖాయం చేసుకోండి, ఆ తర్వాత మార్చొద్దు. నిడివి చూడండి. 149 నిమిషాల దగ్గర ఉంటే సరే. 143 దగ్గర ఉంటే సెకనుకి 24 ఫ్రేములది 25కి మార్చిన కాపీ, నూటికి నాలుగు వంతుల వేగంగా పరిగెడుతుంది. ఒకదానికి చేసిన టైమింగులు ఇంకోదానికి వేస్తే మొదట్లో బాగానే ఉండి, చివరికొచ్చేసరికి ఆరు నిమిషాలు తేడా పడుతుంది. అలా జరిగితే ఒక్కో వరుసా దిద్దుకుంటూ కూర్చోకండి, సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే ఆప్షన్ ఉంది, ఒక్క నొక్కుతో సర్దుకుంటుంది. నిడివి ఇంకా తక్కువుంటే పాటలో సీన్లో కోసేసిన కాపీ, దాన్ని ముట్టుకోవద్దు.

సబ్‌టైటిల్ ఎడిట్ ఉచితంగా దొరుకుతుంది. వీడియో తెరిస్తే కింద ధ్వని గీతలు కనిపిస్తాయి. ముందు మాట మొదలయ్యే చోటు, ముగిసే చోటు గుర్తు పెట్టుకుంటూ ఓ పావుగంట సినిమాకి ఖాళీ పెట్టెలు వెయ్యండి, తర్వాత వెనక్కొచ్చి తెలుగు నింపండి. రెండూ ఒకేసారి చేస్తే రెండూ చెడతాయి. పెట్టె ఒకటిన్నర సెకన్లకి తగ్గకూడదు, ఆరు దాటకూడదు. రెండు పెట్టెల మధ్య ఇసుమంత ఖాళీ ఉండాలి, లేకపోతే మాట మారినట్టు కంటికి తెలీదు.

పొడవు దగ్గర తెలుగుకి ప్రత్యేకమైన తిరకాసు ఉంది. సాఫ్ట్‌వేర్ ‘సెకనుకి ఇన్ని అక్షరాలు’ అని ఎర్రరంగులో హెచ్చరిస్తుంది, దాని మాట నమ్మొద్దు. మనకి ‘స్త్రీ’ ఒక్క అక్షరం. దానికి స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. నోటితో చదివి చూసుకోండి. ఎనిమిదో తరగతి పిల్లాడు బొమ్మ కూడా చూస్తూ హాయిగా చదవాలంటే సెకనుకి అయిదారు అక్షరాలు, మన లెక్కలో. వరుసకి పద్దెనిమిది, ఇరవై, వరుసలు రెండే. ఇది పాత చదరపు ఫ్రేము, అంతకు మించితే అక్షరాలు బొమ్మ దాటి నల్లపట్టీల్లోకి పోతాయి.

మాట మొత్తం అనువదించాలనుకోకండి. భోలా మూడు సార్లు ఒకే మాట అంటే ఒకసారి రాయండి చాలు, మిగతాది ఆ పిల్లాడి ముఖం చెప్తుంది.

ఇప్పుడు మాటల ఎంపిక, మజా అంతా ఇక్కడే. చాచా అంటే బాబాయి. జాన్ చాచాని ‘జాన్ బాబాయ్’ అంటే అంతా కుదిరిపోతుంది. చాచీకి ‘పిన్ని’ అనబోతే కుదరదు. మన పిల్లల్లో సగం మందికి పిన్ని అంటే అమ్మ చెల్లెలు, ప్రేమగా చూసే మనిషి. ఇంకొందరికి సవతి తల్లి. సినిమాలో ఆమె రెండూ కాదు. అందుకని ‘కమలా చాచీ’ అనే ఉంచెయ్యండి, రెండు సీన్లలో అలవాటైపోతుంది. ఒక వైపు బాబాయ్, ఇంకో వైపు చాచీ ఏంటని ఎవరైనా అంటే అననివ్వండి.

‘భీక్’ అన్న మాటకి ఒకే తెలుగు మాట అంటించకండి. చాచీ నోట ‘అడుక్కురండి’ అనాలి, ఆమెకి అది రోజువారీ పని. జాన్ నోట ‘బిచ్చం’. దారినపోయేవాడు విదిలించేటప్పుడు ‘ముష్టి’. మూడింటి బరువు మూడు రకాలు, తెలుగు పిల్లాడికి వెంటనే తెలుస్తుంది. పిల్లలు రైల్లో చెయ్యి చాపి పాడే చోట ‘ధర్మం చెయ్యండి బాబూ’ అని మన రైళ్లలో వినిపించే మాటే పెట్టండి. తర్వాత పాలిష్ కేక వచ్చినప్పుడు ఏమీ అనువదించకుండా ‘పాలిష్! బూట్ పాలిష్!’ అని వదిలెయ్యండి. అందులోకి బాబూ, అమ్మా చేర్చొద్దు. పిల్లలు వేడుకోవడం మాని కేకెయ్యడం నేర్చుకున్నారు, ఆ తేడా కింద వరుసలో కూడా కనబడాలి.

అందరికీ తెలిసిన పాట, ముఠ్ఠీ పాట, రఫీ, ఆశా భోంస్లే, పిల్లల బృందం పాడింది. జాన్ అడుగుతాడు, పిల్లలు జవాబిస్తారు. ముఠ్ఠీ అంటే పిడికిలి, ఇబ్బంది లేదు. ఆ జవాబులో వచ్చే తక్‌దీర్ అన్న మాట దగ్గర ఆగాలి. చేతికి మొదట వచ్చే మాట ‘తలరాత’, కానీ అది రాస్తే బొమ్మ బెడుస్తుంది. మన తలరాత నుదుటి మీద ఉంటుంది, పిడికిట్లోకి ఎలా దిగుతుంది? ‘అదృష్టం’ అంటే లాటరీ అయిపోయింది. ‘మా రాత మా పిడికిట్లోనే ఉంది’ అని తల తీసేసి రాత ఒక్కటే ఉంచితే నిలబడుతుంది. నుదుటి మీదుండే రాత పిడికిట్లోకి వచ్చిందన్న ఆశ్చర్యం కూడా మిగులుతుంది. పాట మొత్తానికి ఇలా చెయ్యలేకపోతే పల్లవికి, ప్రశ్న-జవాబు వరుసలకి చేసి మిగతాది ఖాళీగా వదిలెయ్యండి.

ఫైలు సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు చెడకుండా దాచే పద్ధతి) అని ఎంచుకోవడం మర్చిపోకండి.

బడిగంట:

వరుసకిందవరుస గారూ, మొదటి పావుగంట చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి బడి టీవీకి తగిలిస్తే అన్నీ డబ్బాలు వస్తున్నాయి. లాప్‌టాప్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో అయితే అక్షరాలు వస్తున్నాయి గాని ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. రెండో వరుస ఉన్నచోట పై వరుస ఒత్తులు కింది వరుస గుడులతో కలిసిపోతున్నాయి.

వరుసకిందవరుస:

మూడూ వేరువేరు జబ్బులు.

డబ్బాలంటే ఆ టీవీలో తెలుగు ఫాంట్ లేదు. దానికి మందు లేదు, టీవీని వదిలెయ్యండి. ఒత్తులు విడిపోతున్నాయంటే ప్లేయరు అక్షరాల్ని కూర్చడం లేదు, లేదా ఎంచిన ఫాంట్‌లో తెలుగు సరిగా లేదు. వీఎల్‌సీని కొత్త వెర్షన్‌కి మార్చి, సబ్‌టైటిల్ సెట్టింగుల్లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ఫాంట్ నిర్మలా యూఐ గాని నోటో సాన్స్ తెలుగు గాని పెట్టండి. వరుసలు ఒకదాని మీదొకటి పడడం తెలుగు లిపి పుట్టుక గుణం, ఒత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. ఇంగ్లీషుకి కొలిచిన ఎడం మనకి చాలదు. వీలైనంతవరకు ఒకే వరుసగా విరిచెయ్యండి. రెండు తప్పకపోతే పై వరుసలో ‘క్ష్మ’, ‘స్త్ర’ లాంటి బరువైన ఒత్తులు రాకుండా మాట మార్చుకోండి.

అన్నిటికంటే నిక్కచ్చి పని, అక్షరాల్ని బొమ్మలోకే ముద్రించెయ్యడం. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో సబ్‌టైటిల్ ఫైలు చేర్చి ‘బర్న్ ఇన్’ గుర్తు పెడితే అవి వీడియోలో భాగమైపోతాయి. అప్పుడు ఏ టీవీకైనా, ఏ ప్రొజెక్టర్‌కైనా ఇబ్బంది లేదు. ముందు రెండు నిమిషాల ముక్క చేసి ఒత్తులు చూసుకోండి, బాగుంటేనే మొత్తం చెయ్యండి. పాత లాప్‌టాప్ అయితే రాత్రి పెట్టి పడుకోవడమే. అసలు ఫైలు మాత్రం చెరపకండి, ముద్రించాక అచ్చుతప్పు దిద్దాలంటే మళ్లీ మొదటికొస్తుంది.

గీతలోపల:

అనుమతి సంగతి. మన కాపీరైట్ చట్టంలో సినిమా హక్కు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి అరవై ఏళ్లు. 1954 సినిమా కాబట్టి 2014 డిసెంబరు 31తో ముగిసింది. అదలా ఉంచినా, చూసేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రుల వరకే అయితే బడి కార్యక్రమంగా సినిమా వెయ్యడానికి సెక్షన్ 52లోనే మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టొద్దు, ఊరందరినీ పిలవొద్దు, అంతే.

ఒక జాగ్రత్త. సినిమా హక్కు వేరు, పాటల రాతా బాణీల హక్కు వేరు. వాటికి రచయిత పోయిన ఏడాది నుంచి అరవై లెక్కపెట్టాలి. పాటలు రాసినవాళ్లలో శైలేంద్ర 1966లో పోయారు, హస్రత్ జైపురి 1999లో. సంగీతం శంకర్-జైకిషన్, ఇద్దరిలో ఆఖరున పోయిన శంకర్ 1987లో. కాబట్టి మీ ప్రదర్శన రికార్డు చేసి పాటలతో సహా నెట్‌లో పెట్టకండి. మీరు చేసిన సబ్‌టైటిల్ ఫైలు ఇంకో బడికి ఇవ్వాలంటే పాటల సాహిత్యం ఉన్న వరుసలు తీసేసి ఇస్తే గొడవే లేదు.

ఎండమావి:

ఇంత శ్రమ ఎందుకండీ? పేదరికం చూపించాలంటే ‘దో బీఘా జమీన్’ వెయ్యండి, 1953. అందులో కుర్రాడు కూడా కలకత్తాలో బూట్లు పాలిష్ చేస్తాడు, ఆ కుర్రాడూ ఈ భోలా ఒక్కడే, రతన్ కుమార్. అదే నిజాయితీ అయిన సినిమా. ‘బూట్ పాలిష్’లో చివరికి డబ్బున్నవాళ్లు వచ్చి పెంచుకుంటారు, సమస్య తీరిపోయింది. రెండు గంటలు ‘నీ చేతులే నీకు దిక్కు’ అని చెప్పి, ఆఖరికి దిక్కు ధనవంతుడి చెయ్యే అయింది.

నలుపుతెలుపు:

ముగింపు మీద మీ ఫిర్యాదు న్యాయమే. కానీ అక్కడికి చేరిన దారి కూడా చూడాలి. బేలుని పోలీసులు పట్టుకోబోతే రైలెక్కి తప్పించుకుంటుంది, ఆ రైల్లోనే ఒక ఉన్న కుటుంబం ఆమెని చేరదీస్తుంది. భోలా పట్టుబడతాడు. తర్వాత బయటపడి చెల్లెల్ని వెతుక్కుంటూ, పని దొరక్క, ఆకలికి ఆగలేక చివరికి స్టేషన్లో చెయ్యి చాపుతాడు. ఆ చెయ్యి చాపిన చోటే చెల్లెలు ఎదురవుతుంది. వాడు సంతోషంతో పరిగెత్తుకు రాడు, సిగ్గుతో పారిపోతాడు. నాణెం తీసుకుందని చెల్లెల్ని కొట్టినవాడు తానే చెయ్యి చాపాడు. ఆ పరుగుని మనస్ఫూర్తిగా తీశారు. దాని వెనకొచ్చే దత్తత, స్కూలు బొమ్మలు హాలు కోసం తీశారు. నా మట్టుకు సినిమా స్టేషన్లోనే అయిపోతుంది.

బడిలో అయితే ముగింపు కోసెయ్యకుండా వేసి, ఒకటే ప్రశ్న అడగండి: ఆ రైల్లో ఆ కుటుంబం లేకపోతే? పిల్లలు ఎన్ని ముగింపులు చెప్తారో చూడండి. 1952లో మన దేశంలో మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవం జరిగి ఇటలీ వాస్తవిక సినిమాలు వచ్చాక బొంబాయి వాళ్లు వీధుల్లోకి కెమెరా తీసుకెళ్లారు. కానీ టికెట్టు కొన్న మనిషిని ఏడుపుతో ఇంటికి పంపడానికి భయపడ్డారు. ఈ రెండూ ఒకే సినిమాలో కనిపించడమే దీని చరిత్ర. ‘దో బీఘా జమీన్’ గొప్ప సినిమా, కాదనను. కానీ అది తండ్రి కథ. ఇది మొదటి నుంచి చివరి దాకా పిల్లల ఎత్తు నుంచి చూసిన కథ, ఎనిమిదో తరగతికి ఇదే దగ్గర.

చాక్‌పీసు:

స్టాఫ్‌రూమ్ అభ్యంతరానికి జవాబు. కొట్టిపారెయ్యొద్దన్నారు, సరిగ్గా అన్నారు.

1954లో ఆ ఇద్దరి ముందు ఉన్నవి రెండే దారులు, బిచ్చం లేదా పని. బడి అన్నది ఆఖరి దృశ్యం దాకా లెక్కలోకే రాదు. ఈరోజు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఉచిత విద్య హక్కు, 2009 చట్టం. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం, 2016 సవరణ తర్వాత ఏ పనైనా సరే. ఇంటి పనిలో బడివేళలు దాటాక చేసే సాయం లాంటివి మినహాయింపు. పిల్లల చేత బిచ్చమెత్తించేవాళ్లకి 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో అయిదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. అంటే ఇవాళ్టి లెక్కలో కమలా చాచీ నేరస్తురాలు. జాన్ చాచా మాటో? అతనూ బడి సంగతి ఎత్తలేదు. ఆ ప్రశ్న పిల్లల్నే అడగండి. పిల్లల సహాయం కోసం ఉన్న 1098 ఫోన్ నంబరు బోర్డు మీద రాసి ఉంచండి, సినిమా మొదలుకాక ముందే. సినిమా అయ్యాక రాస్తే ఎవరి గురించో అన్నట్టు ఉంటుంది.

దానికంటే జాగ్రత్త పడాల్సింది ఇంకోటుంది, దాన్ని ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. కులం. ఈ సినిమా ‘ఏ పనైనా గౌరవమే’ అని ఊరుకుంటుంది, బూటు ముట్టుకునే పని మన దేశంలో ఎవరి మీద పడుతూ వచ్చిందో మాట్లాడదు. మీ తరగతిలో బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే మనిషి కొడుకో కూతురో ఉండొచ్చు. లైట్లు వేసేసరికి మిగతావాళ్ల చూపులు ఆ పిల్ల మీదికి వెళ్తాయి. కాబట్టి "మీలో ఎవరింట్లో ఈ పని చేస్తారు?" అని ఎట్టి పరిస్థితుల్లోనూ అడగొద్దు. "పాలిష్ పెట్టె పట్టుకుని నటించండి" అని పిలవొద్దు. పిలిస్తే ఎవరు ముందుకి తోయబడతారో మనకి తెలుసు. ప్రశ్న పనిచేసేవాడి మీద కాకుండా చేయించుకునేవాడి మీద పెట్టండి: బూటు ముందుకి చాపినవాళ్లు ఆ పిల్లలతో ఎలా మాట్లాడారు, డబ్బులు చేతికిచ్చారా, విసిరారా, ముఖం చూశారా? రెండో పూట చూసేటప్పుడు ఇది గమనించమని ముందే చెప్తే కాగితం నిండా రాసుకొస్తారు.

హాస్టల్ పిల్లలు, తల్లో తండ్రో లేనివాళ్లు ఉంటే వాళ్లతో విడిగా ఒక మాట ముందే చెప్పండి, ఇందులో పిల్లల్ని కొట్టే దృశ్యాలున్నాయని, మధ్యలో లేచి బయటికి వెళ్లినా ఎవరూ ఏమీ అనరని. తలుపు దగ్గర ఒక టీచర్ని కూర్చోబెట్టండి.

ఈస్ట్‌మన్‌కలర్:

చిన్న పిట్టకథ, తరగతిలో పనికొస్తుంది. బేలుగా వేసిన బేబీ నాజ్‌కి 1955లో కాన్స్ చిత్రోత్సవంలో ప్రత్యేక గుర్తింపు వచ్చింది. జాన్ చాచాగా వేసిన డేవిడ్‌కి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటుడు, సినిమాకి ఉత్తమ చిత్రం, తారా దత్ ఛాయాగ్రహణానికి ఇంకోటి. అది సరే, మీ పిల్లలకి నాజ్ గొంతు దగ్గరిదే కావచ్చు. ఎనభైల్లో మన శ్రీదేవి హిందీకి వెళ్లిన కొత్తలో ఆవిడకి డబ్బింగ్ చెప్పింది ఈ నాజే. రాఘవేంద్రరావు గారి ‘హిమ్మత్‌వాలా’ (1983) ఇంట్లో పెద్దవాళ్లు చూసి ఉంటారు.

ఇంకో ఆట: రైల్లో వచ్చే పాటలో తెర మీద పాడుతూ కనిపించేది గీత రచయిత శైలేంద్రే. రాజ్ కపూర్ కూడా తన పాత్రలో తనే ఒక చోట కనిపిస్తాడు. కనిపెట్టినవాళ్లకి చాక్లెట్ అంటే రెండో పూట ఒక్కరూ కునుకు తియ్యరు.

బడిగంట:

అందరికీ ధన్యవాదాలు. నుదుటి రాత మాట మా తెలుగు మేడమ్‌కి చూపిస్తే, పాట ఒక్కటీ ఆవిడే రాస్తానన్నారు. చాక్‌పీసు గారు చెప్పింది స్టాఫ్‌రూమ్‌లో చదివి వినిపించాం, అభ్యంతరం చెప్పిన సారే తలుపు దగ్గర కూర్చుంటానన్నారు. బర్న్ చేసిన ముక్కలో ఒత్తులు బాగున్నాయి. ఒకటే మిగిలింది, తెర మీద అందరూ లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు. మాటలు కూడా హాలు వెనక్కి చేరేసరికి ముద్దగా వినిపిస్తున్నాయి.

వరుసకిందవరుస:

బొమ్మ సాగుతోంది. ఈ సినిమా ఫ్రేము ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. మీ తెర నాలుగున్నర అడుగుల ఎత్తు కదా, బొమ్మ ఆరడుగుల పైచిలుకు వెడల్పుకి ఆగిపోవాలి. రెండు పక్కలా అడుగు అడుగు దగ్గర నల్లగా మిగలాలి, అదే సరైనది. ప్రొజెక్టర్ మెనూలో యాస్పెక్ట్ దగ్గర ‘ఫుల్’ ఉంటే ‘ఆటో’ గాని ‘4:3’ గాని పెట్టండి, వీఎల్‌సీలో మాత్రం ‘డిఫాల్ట్’ ఉంచండి. రెండు చోట్లా మారిస్తే ఈసారి సన్నగా, పొడుగ్గా అవుతారు.

ధ్వని ఒకే ట్రాక్, మోనో. గది రెండు మూలల్లో పెట్టిన స్పీకర్లు తీసి, రెంటినీ తెర కిందే పక్కపక్కన, పిల్లల తలల ఎత్తుకి లేపి పెట్టండి. బేస్ బాగా తగ్గించండి, ఆ కాలపు ట్రాక్‌లో అడుగున ఉన్నది గుయ్యిమనే మోతే. ట్రెబుల్ పెంచొద్దు, సరసర పెరుగుతుంది తప్ప మాట తేలదు. ముద్దగా వినిపించడానికి అసలు కారణం ఖాళీ గోడలు. వెనక గోడకి రెండు జంపఖానాలు కట్టండి, కిటికీలకి దుప్పట్లు వేస్తే వెలుతురూ ఆగుతుంది. పరీక్ష ఖాళీ గదిలో చేశారు కాబట్టి, డెబ్బై మంది కూర్చున్నాక వాల్యూమ్ రెండు గీతలు పెంచాల్సి వస్తుంది, రిమోట్ చేతిలో ఉంచుకోండి.